బడిలో వెలి

తరగతిలో తోడివారు పలుకరింపని బాలుడు ఇల్లు చేరి, చేతిఫోనులో అపరిచితుల మెప్పునకై వెదకుచున్నాడు. పెద్దలు ఫోనును నిందింతురు. బల్లపై వాని ప్రక్కచోటు ఏల ఖాళీగా నున్నదో విచారింపరు.

16 ఏండ్లు నిండనివారికి సామాజిక మాధ్యమములలో ఖాతాలు లేకుండ ఆస్ట్రేలియా 2024లో శాసనము చేసి, 2025 డిసెంబరు 10 నుండి అమలు జరిపినది. 18 ఏండ్లలోపు వారి వివరములను గైకొనుటకు తలిదండ్రుల సమ్మతి వలయునని మన 2023 నాటి చట్టము విధించినది. ఇవి మంచివే. కాని చట్టము కీడును అడ్డగింపగలదేగాని స్నేహితుని తెచ్చి యీయజాలదు.

పంక్తిభేదమును నిరసించి సహపంక్తి భోజనములు నడపిన దేశమిది. బడిలో మధ్యాహ్నభోజనవేళ ఆ పంక్తి నిత్యము సాగవలయును. ఉపాధ్యాయులారా, ఒంటరిగా భుజించువానిని నేడే గుర్తింపుడు. తలిదండ్రులారా, మార్కుల నడుగుటకు ముందు "నేడెవరితో ఆడితివి?" అని యడుగుడు.