వంటగట్టు బండకి సెకండ్ ఇన్నింగ్స్

ఈమధ్య ఏ ఫ్యామిలీ వాట్సాప్ గ్రూప్ చూసినా ఒక వార్త కామన్. ‘మన పాత ఇల్లు డెవలప్‌మెంట్‌కి ఇచ్చేస్తున్నాం.’ హైదరాబాదే కానక్కర్లేదు. ఒంగోలు, కర్నూలు, కరీంనగర్, ఎక్కడైనా ఇదే కథ. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు టేకు తలుపులు జాగ్రత్తగా ఊడదీస్తారు. కిటికీ ఊచలు, ఫ్యాన్లు, మోటారు, చివరికి కుళాయిలు కూడా లెక్కలోకి వస్తాయి. వంటింట్లో ఉన్న బండని మాత్రం ఎవరూ పట్టించుకోరు. సుత్తి దెబ్బ ఒకటి పడుతుంది, నాలుగు ముక్కలవుతుంది, ట్రాక్టరెక్కి వెళ్లిపోతుంది.

అమ్మ ముప్పై ఏళ్లు నిలబడి వంట చేసింది ఆ బండ ముందే కదా అనే సెంటిమెంట్ కాసేపు పక్కన పెడదాం. లెక్క ప్రకారమే మాట్లాడుకుందాం. ఇంట్లో ఫ్రిజ్‌కి, గీజర్‌కి, మన ఫోన్‌కి ఒక ఆయుష్షు ఉంటుంది. రాయికి ఆ గొడవ లేదు. జిడ్డు పడుతుంది, మెరుపు తగ్గుతుంది, అంచు చిట్లుతుంది. లోపల రాయి మాత్రం రాయిగానే ఉంటుంది. మరి దాన్నెందుకు పారేయడం?

ఇక్కడే అసలు చిక్కు. మనకి వంటగట్టు మీద ఉన్న ప్రతి రాయీ ‘గ్రానైటే’. కానీ అన్నీ గ్రానైట్ కావు. ఏ రాయో తెలియకుండా తీసుకెళ్లి ఎక్కడో బిగిస్తే ఆరు నెలల్లో విసుగొస్తుంది. ఏ రాయో తెలిస్తే దానికి సరిపోయే ఉద్యోగం ఇవ్వొచ్చు.

అది ఏ రాయి?

గ్రానైట్ ఇంత మామూలు కాని రోజుల్లో కట్టిన ఇళ్లలో ఎక్కువగా కనిపించేది కడప బండ. నల్లగా, నూనె రాసినట్టు ఉంటుంది. పక్కనుంచి చూస్తే పొరలు పొరలుగా కనిపిస్తుంది. ఇది సున్నపురాయి జాతి. తాండూరు బండలు, బేతంచర్ల నాపరాళ్లు, కర్ణాటక నుంచి వచ్చే షాబాద్ బండలు కూడా ఇదే కుటుంబం. తెల్లగా, చారలతో ఉంటే పాలరాయి కావచ్చు. అదీ సున్నపురాయికి దగ్గరి చుట్టమే. రెండింట్లోనూ ఉండేది ముఖ్యంగా కాల్షియం కార్బొనేట్.

గ్రానైట్‌లో అయితే గింజలు గింజలుగా రకరకాల ఖనిజాలు కనిపిస్తాయి. క్వార్ట్జ్, ఫెల్డ్‌స్పార్, మధ్యమధ్యలో మెరిసే అభ్రకం. గోధుమ, ఎరుపు కలిసిన పెద్దపెద్ద మచ్చలుంటే అది కరీంనగర్ ప్రాంతపు టాన్ బ్రౌన్ అయ్యే చాన్స్ ఎక్కువ. నల్లటి రాయిలో బంగారు చుక్కలుంటే ప్రకాశం జిల్లా చీమకుర్తి బ్లాక్ గెలాక్సీ. సైన్స్ లెక్కలో ఈ గెలాక్సీ అసలు గ్రానైటే కాదు, గాబ్రో జాతి రాయి. మార్కెట్‌లో గ్రానైట్ అని పిలుస్తారు. వంటగట్టు పనికి వచ్చేసరికి రెండూ గట్టివే కాబట్టి గొడవ లేదు.

ఇంకో రెండు రకాలు కూడా తగులుతాయి. సిమెంటులో రాతి ముక్కలు అతికించినట్టుంటే మొజాయిక్. ఎక్కడ చూసినా ఒకేలాంటి సన్నటి గింజలు, అచ్చు పోసినట్టు రంగు ఉంటే ఇంజినీర్డ్ క్వార్ట్జ్. ఇది క్వార్ట్జ్ పొడిని రెజిన్‌తో కలిపి ఫ్యాక్టరీలో చేసిన రాయి.

ఒక చాకు, ఒక నిమ్మకాయ

ల్యాబ్ అక్కర్లేదు. వంటింట్లో ఉన్నవాటితోనే టెస్ట్ చేసేయొచ్చు. కాకపోతే పాలిష్ మీద చేయకండి. సింక్ కింద, బండ అడుగు భాగంలో కనపడని చోట చేయండి. అక్కడ సిమెంటు అంటుకుని ఉంటే ముందు గీకేయండి. సిమెంటు కూడా నిమ్మరసానికి నురగ కక్కి మిమ్మల్ని తప్పుదారి పట్టిస్తుంది.

మొదటిది చాకు. మొనతో గట్టిగా ఒక గీత గీయండి. గీత పడి తెల్లటి పొడి రాలితే సున్నపురాయి లేదా పాలరాయి. గ్రానైట్ మీద అయితే బూడిదరంగు గీత ఒకటి కనిపించొచ్చు. అది రాయి మీద పడ్డ గీత కాదు, చాకు అరిగి అంటుకున్న ఇనుము. తడి గుడ్డతో గట్టిగా రుద్దితే పోతుంది. కారణం ఏంటంటే గట్టిదనాన్ని కొలిచే మోస్ స్కేల్‌లో కాల్షియం కార్బొనేట్ ఖనిజమైన కాల్సైట్‌ది 3, చాకు ఉక్కుది దాదాపు 5.5, క్వార్ట్జ్‌ది 7. ఎక్కువ నంబరు ఉన్నది తక్కువ నంబరును గీకుతుంది. అంతే లాజిక్.

రెండోది నిమ్మకాయ. గీకిన పొడి మీద రెండు చుక్కలు వేయండి. సన్నగా బుడగలొస్తే కాల్షియం కార్బొనేట్ ఉన్నట్టే. బుడగలు సరిగ్గా కనపడకపోతే బండ చివర, స్టవ్ వెనక ఎక్కడైనా పాలిష్ ఉన్న చిన్నచోట ఒక్క చుక్క వేసి పది నిమిషాలాగి తుడవండి. మెరుపు పోయి మచ్చ మిగిలితే సున్నపురాయి జాతే. గ్రానైట్‌కి నిమ్మకాయ లెక్కే లేదు.

మూడోది నీళ్లు. ఒక చుక్క వేసి పావుగంట వదిలేయండి. రాయి రంగు ముదిరితే నీళ్లు పీలుస్తోందని అర్థం. అలాంటిదాన్ని మళ్లీ నీళ్లు, నూనె తగిలేచోట వాడాలంటే సీలర్ తప్పదు.

నల్ల రాయి అయితే నాలుగో టెస్ట్ కూడా ఉంది. తెల్ల గుడ్డ మీద నెయిల్ పాలిష్ రిమూవర్ వేసి రుద్దండి. గుడ్డకి నలుపు అంటితే రాయికి రంగేసి అమ్మారన్నమాట. వాడకూడదని కాదు. ఎండ తగిలేచోట పెడితే వెలిసిపోతుందని తెలుసుకోవాలి.

పగులా, చారా?

రాయి రకం తెలిశాక ఆరోగ్యం చూడాలి. సహజమైన చార అందం. పగులు ప్రమాదం. తేడా ఎలా? గోరుతో అడ్డంగా గీయండి. గోరు తట్టుకుంటే అనుమానించాలి. తర్వాత బండంతా తడిపి ఆరనివ్వండి. పైన తడి ఆరిపోయాక కూడా ఒక గీత మాత్రం నల్లగా తడిగా మిగిలిందంటే అక్కడ నీళ్లు లోపలికి దిగాయి. అది పగులే. వేలి కణుపుతో అక్కడక్కడా తట్టి వినండి. మంచి బండ ఖంగుమంటుంది. పగిలింది బొద్దుగా పలుకుతుంది. కుండ కొనేటప్పుడు అమ్మమ్మలు చేసే టెస్టే ఇది. అయితే కిందంతా సిమెంటు ఉంటే శబ్దం మారుతుంది కాబట్టి బండ ఊడదీశాక ఇంకోసారి తట్టాలి.

సింక్ కోసం కోసిన చోట మూలల్ని ప్రత్యేకంగా చూడండి. ముందువైపు మిగిలే ఆ సన్నటి పట్టీయే బండ మొత్తానికి వీక్ పాయింట్. తీసేటప్పుడు ముందుగా విరిగేది అదే. అందుకే చాలాసార్లు సింక్ దగ్గర మిషన్‌తో కోయించి రెండు మంచి ముక్కలుగా తీసుకోవడమే తెలివైన పని.

కూల్చే రోజు కాదు, ముందే మాట్లాడండి

చాలాచోట్ల కూల్చే కాంట్రాక్టర్‌తో బేరం అయ్యేటప్పుడే ఇంట్లో ఉన్నదంతా అతని ఖాతాలోకి వెళ్లిపోతుంది. కాబట్టి ‘వంటగట్టు బండలు, కిటికీ కింది రాళ్లు, గడప రాళ్లు మావి’ అని ముందే చెప్పాలి. కాగితం రాసుకుంటుంటే అందులో ఒక లైను పెట్టించండి. కూల్చడం మొదలయ్యాక పైనుంచి పడిన ఇటుకలకి బండ బతకదు.

బరువుని తక్కువ అంచనా వేయకండి. 20 మిల్లీమీటర్ల మందం ఉన్న గ్రానైట్ చదరపు అడుగుకి ఇంచుమించు 5 కిలోలు తూగుతుంది. అంటే 6 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు ఉన్న బండ దాదాపు 60 కిలోలు. ఇద్దరు ఫ్రెండ్స్‌ని పిలిచి రీల్ తీసుకుంటూ మోసే సరుకు కాదు. ఇలాంటి పని చేసే మేస్త్రీనే పిలవండి. బండని పళ్లెంలా పడుకోబెట్టి మోస్తే తన బరువుకి తనే మధ్యలో విరుగుతుంది. అద్దం మోసినట్టు నిలబెట్టి మోయాలి. ట్రాలీ ఆటోలో కూడా నిలబెట్టి, కింద గోనెసంచులు వేసి, కదలకుండా కట్టాలి.

అందరూ వదిలేసే విషయం దుమ్ము. క్వార్ట్జ్ ఉన్న రాయిని పొడిగా కోస్తే లేచే సన్నటి సిలికా దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరి సిలికోసిస్ తెస్తుంది. వచ్చాక పూర్తిగా నయం చేసే మందు లేదు. ఇంజినీర్డ్ క్వార్ట్జ్‌లో సిలికా ఇంకా ఎక్కువ. వీటిని కోసే పనివాళ్లకి ఈ జబ్బు వస్తోందనే ఆస్ట్రేలియా 2024 జులై 1 నుంచి ఆ రాయి వాడకాన్ని నిషేధించింది. మన వీధుల్లో మేస్త్రీ ముక్కుకి కర్చీఫ్ కట్టుకుని కోసేస్తుంటాడు. కర్చీఫ్ ఆ దుమ్ముని ఆపదు. ‘అన్నా, నీళ్లు పోస్తూ కొయ్యి’ అని చెప్పండి. కనీసం ఎన్95 మాస్కులు నాలుగు కొనివ్వండి. నీళ్లున్నప్పుడు మిషన్‌కి కరెంటు షాక్ రాకుండా చూసుకోవాలి కాబట్టి నీటి కటింగ్ ఉన్న గ్రానైట్ షాపుకే బండని తీసుకెళ్తే ఇంకా మంచిది. మనకి నాలుగు రూపాయలు మిగలడం కోసం ఒకరి ఊపిరి ఖర్చు కాకూడదు.

ఎవరికి ఏ ఉద్యోగం?

గ్రానైట్, గెలాక్సీ లాంటివి ఆల్‌రౌండర్లు. మళ్లీ వంటగట్టుగా వాడొచ్చు. అంత పొడవు లేకపోతే వాష్‌బేసిన్ కింద, కిటికీ కింద, బాల్కనీలో కూర్చునే అరుగు మీద వేయొచ్చు. వర్క్ ఫ్రమ్ హోమ్ టేబుల్ చేయించాలంటే బరువుకి తగ్గ స్టీల్ ఫ్రేమ్ ఉండాలి. బాత్రూమ్ నేల మీద మాత్రం పాలిష్ వైపు పైకి పెట్టొద్దు. తడిస్తే జారుతుంది, ఇంట్లో పెద్దవాళ్లుంటారు.

కడప బండకి బెస్ట్ ఉద్యోగం అరలు. స్టోర్‌రూమ్‌లో, యుటిలిటీలో, పుస్తకాలకి కూడా. రెండడుగులకో సపోర్ట్ ఇవ్వండి. పాలరాయి పూజగదికి, చపాతీ పీటకి బాగుంటుంది. ఇంజినీర్డ్ క్వార్ట్జ్ మీద వేడి కళాయి దించితే రెజిన్ మాడి మచ్చ పడుతుంది, ఎండలో రంగు మారుతుంది. దాన్ని ఇంట్లోనే, స్టవ్‌కి దూరంగా ఉంచండి.

ప్రొద్దుటూరులో మా పెద్దమ్మ వాళ్ల పాత ఇల్లు కూల్చేముందు ఇలాగే ఏడడుగుల నల్ల బండ దొరికింది. మేస్త్రీ గ్రానైట్ అన్నాడు. చాకుతో గీస్తే తెల్లటి గీత పడింది, కడప బండ. మెరిసేలా పాలిష్ చేయించి కొత్త ఫ్లాట్ వంటింట్లో వేయించాలని అన్నయ్య ప్లాన్. చింతపండు, నిమ్మకాయ పడితే మచ్చలొస్తాయని నేను చెప్పాను. పెద్దమ్మ నవ్వింది. “ముప్పై ఏళ్లు పులుసు మరకలతోనే కదరా దానిమీద వండింది. మెరుపెక్కిస్తేనే మరక కనపడేది. అట్లే ఉండనీ” అంది. కరెక్టే. పులుపు తినేసేది పైనున్న మెరుపుని. మెరుపు లేని మ్యాట్ రాయి మీద ఆ మచ్చ పెద్దగా తెలియదు. బండని కడిగి, అంచు నున్నగా చేయించి, యుటిలిటీలో గ్రైండర్ పక్కన వేశారు. పెద్దమ్మ ఇప్పుడు కూరగాయలు తరిగేది అక్కడే.

శుభ్రం చేసే ముందు

పాత జిడ్డు చూసి బాత్రూమ్ యాసిడ్ పోయకండి. సున్నపురాయి, పాలరాయి అయితే పైపొర తినేస్తుంది. ముందు గిన్నెలు తోమే లిక్విడ్, గోరువెచ్చని నీళ్లు. లోపలికి దిగిన నూనె మరకకి తినేసోడాని నీళ్లతో ముద్దలా కలిపి మరక మీద మందంగా పట్టించి, ప్లాస్టిక్ కవర్ కప్పి ఒక రోజు ఉంచండి. నూనెని సోడా పీల్చుకుంటుంది. మొండి మరకైతే రెండుమూడుసార్లు చేయాలి. పాత సిలికాన్‌ని బ్లేడుతో, సిమెంటుని ఉలితో ఓపిగ్గా తీయాలి.

ఇక డబ్బు లెక్క. ఊడదీసే కూలి, రవాణా, కటింగ్, అంచు పాలిష్ కలిపి ఎంతవుతుందో రాసుకోండి. పక్కన అదే సైజు కొత్త బండ ధర రాయండి. కొత్తదానికీ రవాణా, కటింగ్ ఉంటాయని మర్చిపోవద్దు. పొడుగాటి, మందపాటి గ్రానైట్ ముక్కకి చాలాసార్లు పాతదే గెలుస్తుంది. నాలుగు చోట్ల పగిలిన అడుగున్నర ముక్క కోసం ఊరు దాటి ఆటో కట్టించుకోవడం దండగ. అది మొక్కల కుండీల కిందికో, పెరట్లో బాటకో పనికొస్తుంది.

హైదరాబాద్‌లో జీడిమెట్ల, ఫతుల్లగూడ దగ్గర కూల్చిన ఇళ్ల శిథిలాలని రీసైకిల్ చేసే ప్లాంట్లున్నాయి. అక్కడ వాటిని పొడి చేసి ఇసుక, కంకరలా వాడతారు. విరిగిన కాంక్రీటుకి అది మంచి దారే. ఆరడుగుల పాలిష్ బండకి మాత్రం అది డిమోషన్.

మీ ఇంట్లోనో, చుట్టాలింట్లోనో ఏదైనా ఇల్లు కూల్చే లిస్టులో ఉంటే ఈ ఆదివారమే ఒకసారి వెళ్లి రండి. ఒక చాకు, ఒక నిమ్మకాయ, ఒక టేపు పట్టుకెళ్లండి. పొడవు, మందం రాసుకోండి, ఫొటో తీసి ఫ్యామిలీ గ్రూప్‌లో పెట్టండి. ‘ఇది ఎవరికి కావాలి?’ అని ఒక్క మాట అడగండి. కనీసం ఒక పిన్నో, మామయ్యో చెయ్యెత్తుతారు.