ఒంటికన్ను కారు



చీకటి రోడ్డు మీద ఎదురుగా ఒకే దీపం వస్తుంటే దానిని మనం మోటారు సైకిలు అనుకుంటాము. దగ్గరకు వచ్చేవరకు అది కారని తెలియదు. మన దేశంలో ఎడమ వైపున నడుపుతాము గనుక కారు కుడి దీపం ఆరిపోయినదంటే ఇంకా ప్రమాదం. ఎదుటివానికి కనబడే దీపం అవతలి అంచున ఉంటుంది, కారు కుడి భాగం మాత్రం చీకటిలో అతని మీదికి వస్తుంది. పెళ్ళిళ్ళకు, సభలకు వెళ్ళి ఇంటిల్లిపాదీ ఒకే బండిలో రాత్రి తిరిగి వచ్చే కుటుంబాలు ఈ సంగతి గమనించవలెను. "పట్నం వెళ్ళినప్పుడు మెకానిక్కుకు చూపిద్దాములే" అని నెలలు గడిపేవారు చాలామంది ఉన్నారు.

గడపడానికి కారణం సోమరితనమే అనలేము. పాత అంబాసిడరుకు ముందు వైపున రింగు ఊడదీస్తే దీపం చేతికి వచ్చేది. తరువాత వచ్చిన చిన్న కార్లలో బల్బును వెనుక నుండి, బానెట్టు క్రింద చేయి దూర్చి మార్చవలసి వచ్చింది. మారుతి 800 కారు 1983 డిసెంబరులో వచ్చి 2014లో ఆగిపోయింది. అయినా పల్లెలలో అవి ఇంకా తిరుగుతున్నాయి. ఇటువంటి పాత కార్లలో ఏదో ఒక ప్రక్క దీపానికి బ్యాటరీ గానీ మరొక డబ్బా గానీ అడ్డముండి, అరచేయి పట్టేంత సందు మాత్రమే ఉంటుంది. లోపలి పని కంటికి కనబడదు. చేయవలసినది వ్రేళ్ళతోనే.

మారుతి 800, ఓమ్ని, పాత ఆల్టో వంటి కార్లలో ఉండేది హెచ్ 4 అనే హాలోజన్ బల్బు. ఒకే గాజులో రెండు ఫిలమెంట్లు ఉంటాయి. బ్రైటుకు 60 వాట్లు, డిమ్ముకు 55 వాట్లు. కాబట్టి డిమ్ము పోయి బ్రైటు వెలుగుతున్నా ఆ బల్బును మార్చవలసిందే. "బ్రైటు ఉందిగా" అని దానితోనే నడిపేవారు ఎదుటివాని కళ్ళు పొడుస్తున్నారు. రెండు ప్రక్కలా ఒకేసారి ఆరిపోతే మాత్రం బల్బును అనుమానించకముందు ఫ్యూజును చూడండి. ఒక ప్రక్క దీపం మసకగా, ఎర్రగా వెలుగుతుంటే బాడీకి బిగించిన ఎర్తు తీగ తుప్పు పట్టి ఉండవచ్చు.

కొట్టులో 12 వోల్టులు, 60/55 వాట్ల బల్బునే అడగండి. "వెలుగు ఎక్కువ వస్తుంది సార్" అంటూ 100/90 వాట్లది చేతిలో పెడతారు, పుచ్చుకొనవద్దు. 60 వాట్ల బల్బు 5 ఆంపియర్లు తీసుకుంటే 100 వాట్లది 8 ఆంపియర్లు దాటుతుంది. పాత తీగలు దానికోసం వేసినవి కావు. హోల్డరు మాడి ప్లాస్టిక్కు కరిగిపోయిన బండ్లు వర్కుషాపులలో ఎన్నో కనబడతాయి. హాలోజను కోసం చేసిన దీపంలో ఎల్‌ఇడి బల్బు దూర్చడము కూడా మంచిది కాదు. వెలుగు పుట్టే చోటు ఏమాత్రం మారినా కిరణాలు చెదరి ఎదుటివాని ముఖం మీద పడతాయి.

ఇక పని సంగతి. పగటిపూట, ఇంజను చల్లబడిన తరువాత, తాళంచెవి బయటకు తీసి మొదలుపెట్టండి. ముందుగా సులభంగా అందే ప్రక్క దీపాన్ని విప్పి చూడండి, అది బాగా వెలుగుతున్నా సరే. మూడు కాళ్ళ హోల్డరు ఎలా ఊడుతుందో, రబ్బరు టోపీ ఏ వైపు లాగితే వస్తుందో, బల్బును పట్టి ఉంచే స్ప్రింగు తీగ ఎటు నొక్కితే కొక్కెం నుండి తప్పుకుంటుందో అక్కడ కంటితో చూసి నేర్చుకొనవచ్చు. సెల్‌ఫోనుతో ఒక ఫోటో తీసుకుంటే ఇంకా మేలు. రెండవ ప్రక్క గ్రుడ్డిగా చేస్తున్నప్పుడు ఆ జ్ఞాపకమే మీకు వెలుగు.

బ్యాటరీ అడ్డమైతే దానితో కుస్తీ పట్టవద్దు, తీసివేయండి. మైనస్ తీగ మొదట విప్పవలెను, బిగించేటప్పుడు చివర బిగించవలెను. ముందుగా ప్లస్ విప్పబోతే స్పానరు బాడీకి తగిలి నిప్పురవ్వలు లేస్తాయి. బ్యాటరీని నిలువుగానే పట్టుకొనండి, ఆసిడ్ ఒలకకూడదు. దీపం క్రింద ఒక పాత గుడ్డ పరచండి. జారిపడిన క్లిప్పు ఇంజను సందులలోకి పోతే సాయంత్రమంతా వెతకవలసి వస్తుంది.

హోల్డరును అటూఇటూ కదుపుతూ లాగండి, తీగలు పట్టుకొని మాత్రం లాగకండి. క్రొత్త బల్బు గాజును వట్టి చేతితో ముట్టకూడదు. చేతి జిడ్డు అంటిన చోట గాజు మితిమీరి వేడెక్కి బల్బు త్వరగా పోతుంది. పొరపాటున తగిలితే శుభ్రమైన గుడ్డకు స్పిరిటు అద్ది తుడిచి ఆరనివ్వండి. బల్బు చట్రానికి మూడు చెవులుంటాయి. వాటిలో వెడల్పైనది పైకి వస్తేనే బల్బు సరిగా కూర్చుంటుంది. సరిగా కూర్చోకుండానే స్ప్రింగును బలవంతంగా బిగించేవారున్నారు, వారి డిమ్ము వెలుగు చెట్ల కొమ్మల మీద పడుతుంది. వ్రేలితో చుట్టూ తడిమి చూసి, సందు లేదని తేలిన తరువాతనే స్ప్రింగును కొక్కేనికి తగిలించండి.

రబ్బరు టోపీని అంచులన్నీ కూర్చునేటట్లు నొక్కడం చాలామంది తొందరలో మరచిపోతారు. ఆ సందులోనుండి తేమ చేరితే లోపలి మెరిసే పూత మసకబారుతుంది, అప్పుడు బల్బు కాదు, దీపమంతా మార్చవలసి వస్తుంది. హోల్డరు కాళ్ళు నల్లబడి ఉంటే క్రొత్త హోల్డరు వేయించండి. అదే మాడిన హోల్డరుకు క్రొత్త బల్బు తగిలిస్తే వదులుగా కూర్చొని, వేడెక్కి, మరల ఆరిపోతుంది.

చీకటి పడిన తరువాత కారును గోడకెదురుగా చదునైన నేల మీద నిలిపి రెండు డిమ్ములను పోల్చి చూడండి. వెలుగు పై అంచు రెండింటికీ ఒకే ఎత్తులో ఉండవలెను, ఎడమ వైపున కొంచెం పైకి లేస్తుంది. రోడ్డు ప్రక్కన నడిచేవారు కనబడేందుకే ఆ ఏర్పాటు. ఒకటి మరీ పైకి ఉంటే బల్బును మరొకసారి విప్పి కూర్చోబెట్టండి, దీపం మరలను త్రిప్పడం ఆ తరువాతి మాట.

వీలుంటే రెండు ప్రక్కలా ఒకేసారి మార్చండి, ఒకే రోజున వేసిన బల్బులు ఇంచుమించు ఒకేసారి పోతాయి. తీసిన వాటిలో రెండు ఫిలమెంట్లూ బాగున్న దానిని పారవేయక, మెత్తని గుడ్డలో చుట్టి, చిన్న స్పానరుతో సహా డాష్‌బోర్డు అరలో ఉంచుకొనండి.