ఇంజినుకు తలంటు పోస్తున్నారా? కాస్త ఆగండి!

"అన్నా, ఈసారి ఆయిలు మార్చే ముందర ఒక డబ్బా ఫ్లష్ పోసేద్దామా? లోపలంతా కడిగినట్టయితుంది."

"ఏమప్పా, పోస్తే ఇంజినుకు ఏమీ కాదు కదా?"

"ఏం గాదన్నా. కొత్త బండి మాదిరి అవుతుంది సూడు."

అనంతపురం నుంచి కదిరి వెళ్లే దారిలో బత్తలపల్లె దగ్గర ఏ మెకానిక్ షెడ్డు ముందు కాసేపు నిలబడినా ఇలాంటి మాటలు చెవిన పడొచ్చు. ఆ 'ఏం గాదు' అన్న మాట సగం బండ్ల విషయంలో నిజమే. మిగతా సగంలో మాత్రం ఆ డబ్బా ఖరీదు ఇంజిన్ ఖరీదుకు తేలుతుంది.

2022 ఏప్రిల్‌లో జిల్లాల విభజన తర్వాత బత్తలపల్లె శ్రీసత్యసాయి జిల్లాలోకి వచ్చింది. అదే జిల్లాలో పెనుకొండ దగ్గరున్న కియా ఫ్యాక్టరీలో 2019 నుంచి కొత్త కార్లు తయారవుతున్నాయి. కానీ పల్లె వాకిళ్లలో చింతచెట్టు నీడన కనిపించేవి వేరు. రెండు మూడు చేతులు మారిన మారుతి 800లు, సుమోలు, ఎక్కడో ఒక అంబాసిడర్. మారుతి 800 తయారీ 2014 జనవరిలోనూ, అంబాసిడర్ తయారీ అదే ఏడాది మేలోనూ ఆగిపోయాయి. అంటే ఈ రెండు రకాల్లో అన్నిటికంటే చిన్నదానికీ పదేళ్లు దాటిపోయాయన్నమాట.

ఆ కారు మీద ఇంటి పనులెన్నో ఆధారపడి ఉంటాయి. పెద్దాయన్ని ఆర్‌డీటీ ఆసుపత్రికి తీసుకెళ్లాలన్నా, పిల్లను ధర్మవరంలో రైలెక్కించాలన్నా అదే దిక్కు. వాన మీద, వేరుశనగ మీద నడిచే ఇంట్లో ఇంజిన్ బోర్‌కొస్తే ఆ ఏడాది లెక్కలన్నీ తలకిందులే.

అసలు ఇంజిన్ లోపల పేరుకునేది ఏమిటి? ఇంజిన్ ఆయిల్ వేడికి, గాలికి మెల్లగా పాడవుతుంది. వేడి పది డిగ్రీలు పెరిగితే ఈ పాడయ్యే వేగం ఇంచుమించు రెట్టింపవుతుందని రసాయన శాస్త్రంలో ఒక మోటు లెక్క. దానికి తోడు పెట్రోలు మండినప్పుడు పుట్టే నీటి ఆవిరి, మసి, కాలని పెట్రోలు కొంత పిస్టన్ రింగుల సందుల్లోంచి కిందికి జారి ఆయిల్లో కలుస్తాయి. కారును రోజూ దూరం నడిపితే ఇంజిన్ బాగా వేడెక్కి ఆ నీరంతా ఆవిరైపోతుంది. ఇంటి నుంచి బస్టాండుకు, బస్టాండు నుంచి ఇంటికి మాత్రమే తిరిగే బండిలో అది మిగిలిపోతుంది. అన్నీ కలిసి నల్లటి మడ్డిగా మారతాయి. నూనె గానుగ అడుగున చూస్తామే, అలాంటి మడ్డే. కాకపోతే ఇది ఇంకా మొండిది.

ఇది పాత బండ్లకే, మన మెకానిక్కులకే పరిమితమైన బాధ అనుకోనక్కర్లేదు. 1997-2002 మోడళ్లలో కొన్ని ఇంజిన్లలో మడ్డి పేరుకుంటోందని ఫిర్యాదులు రావడంతో 2002లో టొయోటా అంతటి కంపెనీ అమెరికాలో ప్రత్యేక పథకం ప్రకటించాల్సి వచ్చింది. మడ్డి వల్ల దెబ్బతిన్న ఇంజిన్ల మరమ్మతు తాము చూసుకుంటామంది. దాదాపు 33 లక్షల వాహనాలు ఆ పథకం కిందికి వచ్చాయి.

ఇక ఫ్లష్ సంగతి. మూడు నాలుగు వందల మిల్లీలీటర్ల డబ్బాలో ఉండేది చాలావరకు కిరసనాయిలు జాతికి చెందిన పల్చటి ద్రావకం, దానికి తోడు డిటర్జెంట్ రసాయనాలు. పాత ఆయిల్ తీయకముందే, ఇంజిన్ వేడిగా ఉన్నప్పుడు పోస్తారు. బండిని కదపకుండా డబ్బా మీద రాసినన్ని నిమిషాలు, సాధారణంగా ఐదు నుంచి పదిహేను నిమిషాలు, ఇంజిన్‌ను ఊరికే తిరగనిస్తారు. ఆ తర్వాత మొత్తం దించేసి, ఫిల్టర్ మార్చి, కొత్త ఆయిల్ పోస్తారు. కుంకుడుకాయ రసంతో తలంటు లాంటిదే.

అయితే తల మీది జిడ్డు నీళ్లతో పాటు కాలువలోకి పోతుంది. ఇంజిన్లో మడ్డి ఎక్కడికి పోవాలి? తేడా అంతా అక్కడే ఉంది.

ఇంజిన్ కింద ఛాంబర్లో ఆయిల్ ఉంటుంది. దాన్ని పైకి లాగే పంపు మూతికి ఒక చిన్న జాలీ ఉంటుంది. స్ట్రెయినర్ అంటారు. ఏళ్ల తరబడి గోడలకు అంటుకున్న మడ్డి కొంచెం కొంచెం కరిగితే ఫరవాలేదు. పెచ్చులుగా ఊడిందంటే నేరుగా వచ్చి ఆ జాలీకి అడ్డం పడుతుంది. పంపుకు ఆయిల్ అందదు. క్రాంక్ బేరింగులకు, పైనున్న క్యామ్‌కు నూనె చేరదు. లోహం మీద లోహం రాసుకుంటే ఇంకేముంది, నిమిషాల్లో బేరింగులు పోతాయి. పైగా ద్రావకం కలిసిన ఆయిల్ అసలే పల్చబడి ఉంటుంది. అందుకే ఫ్లష్ పోసిన బండిని నడపకూడదంటారు.

విచిత్రమేమిటంటే, కిలోమీటర్ల లెక్క తప్పకుండా ఆయిల్ మార్పించుకున్న బండికి ఫ్లష్‌తో పనే లేదు. మంచి ఆయిల్లో మడ్డిని కట్టనివ్వని డిటర్జెంట్లు ముందే ఉంటాయి. పోసిన కొద్ది రోజులకే ఆయిల్ నల్లబడటం అవి పనిచేస్తున్నాయన్నదానికి గుర్తు. డీజిల్ బండ్లలోనైతే ఇంకా త్వరగా నల్లబడుతుంది, కంగారు పడక్కర్లేదు. ఇక నాలుగైదేళ్లు ఆయిల్ ముఖం చూడని బండి ఉంటుంది చూడండి, దానికే ఫ్లష్ కావాలని అందరూ అంటారు. దానికే అది ప్రమాదం కూడా.

మరి మన బండి ఏ రకమో తెలిసేదెలా? ఇంజిన్ ఆపి, కాస్త చల్లారాక ఆయిల్ పోసే మూత విప్పి టార్చిలైటు వేసి చూడాలి. లోపల లోహం మెరుస్తూనో, పల్చటి గోధుమరంగు పూతతోనో కనిపిస్తే ఇంజిన్ ఆరోగ్యంగా ఉన్నట్టే. వేలితో గీస్తే ముద్దలా వచ్చే నల్లటి మడ్డి ఉంటే ఫ్లష్ మాట మరిచిపోవడం మేలు. మూత కింద మజ్జిగ మీగడలాంటి తెల్లటి నురగ ఉంటే ఆయిల్లో నీరు చేరినట్టు. తక్కువ దూరాలు తిరగడం వల్ల కావచ్చు, రేడియేటర్ నీరు కలుస్తూనూ ఉండొచ్చు. రెండోదైతే హెడ్ గ్యాస్కెట్ చూపించుకోవాలి. దాన్ని ఏ డబ్బా బాగుచేయదు.

మడ్డి బాగా ఉన్న బండికి నిదానమే మందు. ఛాంబర్ విప్పించి, జాలీని చేత్తో శుభ్రం చేయించి, కొత్త ప్యాకింగ్ వేయించి బిగించాలి. చిన్న కార్లలో చేయి తిరిగిన మెకానిక్‌కు ఇదేమంత పెద్ద పని కాదు. అప్పుడే బ్రీదర్ పైపు మూసుకుపోయిందేమో కూడా చూడమనండి. అది మూసుకుంటే ఎంత కడిగినా మడ్డి మళ్లీ తయారే. ఆ తర్వాత మంచి ఆయిల్ పోయించి, మామూలు గడువు దాకా ఆగకుండా 1500-2000 కిలోమీటర్లకే ఆయిల్, ఫిల్టర్ రెండూ మార్పించాలి. మళ్లీ ఒకసారి అలాగే. కొత్త ఆయిల్లోని డిటర్జెంట్లు నెమ్మదిగా కరిగించుకుంటూ పోతాయి. ఖర్చు రెండింతలవుతుంది, నిజమే. మారుతి 800 లాంటి బండికి పట్టేది మూడు లీటర్లకు అటూ ఇటూ కాబట్టి మరీ భరించలేనిదేం కాదు.

పెట్రోలు బండికి ఆయిల్ కొనేటప్పుడు డబ్బా మీద ఎపిఐ అన్నచోట ఎస్‌ఎల్, ఎస్‌ఎన్, ఎస్‌పి లాంటి అక్షరాలుంటాయి. రెండో అక్షరం ముందుకు పోయేకొద్దీ ప్రమాణం కొత్తదన్నమాట. ఎస్‌పి 2020లో వచ్చింది. చిక్కదనం మాత్రం బండి పుస్తకంలో రాసిందే వాడాలి.

చరిత్ర తెలియని సెకండ్‌హ్యాండ్ బండి కొన్నారు, మూత కింద పల్చటి పూత మాత్రమే ఉంది, ట్యాపెట్లు కాస్త శబ్దం చేస్తున్నాయి. ఇలాంటప్పుడు ఒక్కసారి ఫ్లష్ వాడటంలో తప్పులేదు. ముందుగా బండి పుస్తకం చూడండి. వద్దని రాసి ఉంటే అక్కడితో సరి. వాడితే డబ్బా మీది నిమిషాలు దాటనివ్వకండి, యాక్సిలేటర్ తొక్కనివ్వకండి. ఆయిల్ దీపం వెలిగిందా, మరుక్షణం ఇంజిన్ ఆపేయాలి. పాత ఫిల్టర్‌నే తిరిగి బిగిస్తానంటే ఒప్పుకోవద్దు. డబ్బాకు బదులు కిరసనాయిలో డీజిలో పోద్దామని కొందరు మెకానిక్కులు అంటారు. అందులో ఎంత పోయాలో, ఎంతసేపు ఉంచాలో చెప్పే రాత ఏదీ ఉండదు. వద్దనడమే మంచిది.

ఈ సీమలో ఇంకో శత్రువు ఉంది. రామగిరి కొండల మీద గాలిమరలను తిప్పే ఆ ఆషాఢ గాలే ఎర్రదుమ్మునూ లేపుతుంది. ఆ దుమ్ములోని ఇసుక రేణువులు ఇంజిన్ లోహం కంటే గట్టివి. చిరిగిన ఎయిర్ ఫిల్టర్లోంచి లోపలికి పోతే రింగులనూ బోరునూ అరగదీస్తాయి. ఆ అరుగుదలను ఫ్లష్ వెనక్కి తేలేదు. డబ్బా కొనే డబ్బుతో కొత్త ఎయిర్ ఫిల్టర్ వేయిస్తే ఈ గాలికి అదే ఎక్కువ ఉపయోగం.

దించిన పాత ఆయిల్ను షెడ్డు వెనక మట్టిలో పారబోయనివ్వకండి. వందల అడుగుల బోరు వేసినా నీళ్లు పడతాయో లేదో తెలియని నేల ఇది. క్యాన్‌లో పట్టి ఉంచితే పాత ఆయిల్ సేకరించేవాళ్లకు ఇచ్చేయొచ్చు.