‘శాశ్వత’మంటే ఏమిటి మహాశయా?

మన పత్రికాభాషలో ఎన్నాళ్ళకూ చావని విశేషణాలు రెండున్నాయి: ‘శాశ్వత’, ‘నిరంతర’. ఇంగ్లీషువాడు పర్మనెంట్ అననీ, పర్పెచ్యువల్ అననీ, కంటిన్యువస్ అననీ, సస్టైనబుల్ అననీ, మనవాళ్ళు ఈ రెంటిలో చేతికి తగిలినదాన్ని అంటించి పంపేస్తారు. అడిగితే ‘పర్యాయపదాలే కదండీ’ అన్న సమాధానం సిద్ధంగా ఉంటుంది. ఆ సమాధానం మీదనే నా అభ్యంతరం.

అమరకోశం వల్లెవేసిన పెద్దలు ఈ మాట అనరు. అమరసింహుడు సతతం, అజస్రం, అనవరతం వంటి తొమ్మిది మాటల్ని మొదటి కాండలో ఒకచోట చేర్చాడు. శాశ్వతం, ధ్రువం, సనాతనం మొదలైనవి మూడో కాండలో వేరొకచోట వస్తాయి. మొదటివి పని తెగకుండా సాగడాన్ని చెబుతాయి. రెండోవి వస్తువు నశించకపోవడాన్ని. ‘నిత్య’ శబ్దం ఒక్కటే రెండు చోట్లా కనిపిస్తుంది. అంటే పర్యాయపదాల పట్టీ రాసినవాడికే తేడా తెలుసు. పట్టీ చూసి రాసేవాళ్ళమే మరిచిపోయాం. పద్యకవులకూ ఈ పాపంలో కొంత వాటా ఉంది. యతికి ‘అ’ కావలసినప్పుడు అనిశమూ, ‘స’ కావలసినప్పుడు సంతతమూ వేసుకుని వేసుకుని ఇవన్నీ ఒకే సంచిలో గవ్వలన్న నమ్మకాన్ని మనకు అంటించి పోయారు.

‘నిరంతర’ను విడదీసి చూడండి. అంతరం, అంటే సందు, లేనిది. ‘నిరంతరాయ’ వేరు, అంతరాయం, అంటే అడ్డంకి, లేనిది. సేద్యానికి పగటిపూట తొమ్మిది గంటలు కరెంటిస్తామన్నప్పుడు ‘నిరంతరాయ విద్యుత్తు’ అంటే ఒప్పుతుంది. ‘నిరంతర విద్యుత్తు’ అంటే మిగిలిన పదిహేను గంటల సందు ఎక్కడికి పోయినట్టు? ఒక్క ‘య’కారం జారిపోతే పదిహేను గంటలు జారిపోతాయి.

ఈ గొడవంతా పండితులది, జనానికేమిటి అనేవారు ఒకసారి పల్నాటి వైపు చూడాలి. నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగింది. 1967 ఆగస్టు 4న కాలువలకు నీళ్ళు వదిలారు. కరువుకు శాశ్వత పరిష్కారమన్న మాట నాటి నుంచి నేటి దాకా ప్రతి వేదిక మీదా వినబడుతూనే ఉంది. అందులో శాశ్వతమైనదేది? కాలువ గట్టు శాశ్వతం. నీరు మాత్రం వారబందీ, వంతులవారీ. చివరి భూముల రైతుకు కాలువ ఉంటుంది, వంతూ ఉంటుంది, ఒక్కోసారి నీరే ఉండదు. ఇంగ్లీషులో తెంపు లేకుండా సాగేదానికి కంటిన్యువస్, ఆగి ఆగి మళ్ళీ మళ్ళీ వచ్చేదానికి కంటిన్యువల్ అని రెండు మాటలున్నాయి. మనకూ ‘ఎడతెగక’ ఉంది, ‘మాటిమాటికీ’ ఉంది. కాలువ అందని మెట్ట కోసం తలపెట్టిన వరికపూడిశెల ఎత్తిపోతలకు 2023 నవంబరు 15న మాచర్లలో శంకుస్థాపన చేశారు, అంతకుముందూ చేశారు. పల్నాటిలో శంకుస్థాపనలు మాటిమాటికీ జరుగుతాయి. నీళ్ళు ఎడతెగక పారాలన్నది జనం అడిగేది. రెంటికీ కలిపి ‘నిరంతర కృషి’ అని రాసేస్తే ఎవరికి లాభమో వేరే చెప్పాలా?

ఈ విద్య కొత్తదేమీ కాదు. 1802లో మద్రాసు ప్రభుత్వం జమీందారులకు ‘శాశ్వత’ బందోబస్తు చేసింది. వారికిచ్చిన పట్టా పేరు మిల్కియత్ ఇస్తిమ్రార్ సనదు. ‘ఇస్తిమ్రార్’ అంటే ఎడతెగక కొనసాగడమే. కానీ అక్కడ శాశ్వతమైనది కట్టవలసిన పేష్కషు మొత్తం. వానలు పడ్డా పడకపోయినా అది మారదు. కిస్తీ తప్పితే ఎస్టేటు పోతుంది. నరసరావుపేట మల్రాజువారితో సహా గుంటూరు సీమ పెద్ద జమీందారీలు బాకీల కింద 1846 నాటికి సర్కారు చేతికి పోయాయి. సనదులో ‘శాశ్వత’ అన్న విశేషణం ఏ విశేష్యానికి తగులుతుందో ముందే చూసుకోవలసింది. నలభైనాలుగేళ్ళు పట్టింది తెలియడానికి.

మరి మన పూర్వులు శాశ్వతాన్ని ఎలా రాసుకున్నారు? ఆంధ్రదేశపు శాసనాల్లో గుడికి అఖండదీపం పెట్టించిన దాతల మాటలు చదవండి. ‘ఆచంద్రార్కస్థాయిగా’ అని ఘనంగానే అంటారు. వెంటనే లెక్క చెబుతారు: ఇన్ని గొర్రెలు, వాటిని చేపట్టిన బోయవాడు, అతడి కొడుకులూ మనుమలూ నిత్యం పోయవలసిన మానెడు నెయ్యి. ఆ తరువాత దీన్ని చెరిపినవాడు అరవైవేల ఏళ్ళు మలంలో పురుగై పుడతాడని శాపం. సూర్యచంద్రుల్ని సాక్ష్యం పిలిచినవాడికి కూడా దీపం దానంతటది వెలగదని తెలుసు. నెయ్యి ఎవరు పోస్తారో రాయని ఆచంద్రార్కం అతడికి లేదు. నేటి జీవోల్లో ఆచంద్రార్కం ఉంటుంది, గొర్రెల లెక్క ఉండదు. (శాపం కూడా ఉండదు. అది మాత్రం పెద్ద లోటు.)

సస్టైనబుల్‌కు ‘సుస్థిర’ అని ఖాయం చేసుకోవడం నాకు బొత్తిగా మింగుడుపడదు. సుస్థిరమంటే గట్టిగా, కదలకుండా నిలిచినది, బండరాయి సుస్థిరం. పోషణతో బతికి కొనసాగేది వేరు. దానికి తెలుగులో ‘మను’ అనే ధాతువు ఉంది. మను అంటే బతుకు. దాని నుంచే మనుగడ, మన్నిక వచ్చాయి. మనుచు అంటే బతికించు, పోషించు. అఖండదీపాన్ని బోయవాడు మనిచాడు. చెరువును ఊరు మనుస్తుంది, పూడిక తీసినన్నాళ్ళూ. ‘సుస్థిర వ్యవసాయం’ అన్నచోట ‘మనగల వ్యవసాయం’ అని రాసి చూడండి. మరుక్షణం ‘దేనివల్ల మనగలదు?’ అన్న ప్రశ్న లేస్తుంది. ‘సుస్థిర’ ఆ ప్రశ్న లేవనివ్వదు. సర్కారు కాగితాలకు అది ప్రియమైన కారణం అదేనని నా అనుమానం.

‘జనం ఏది వాడితే అదే భాష’ అని కొందరు మిత్రులు అడ్డుపడతారని తెలుసు. జనం వాడేది ఇది కాదండీ! గురజాల సంతలో చెప్పులు కొనేవాడు మన్నుతాయా అని అడుగుతాడు, శాశ్వతమా అని అడగడు. వాన ఎడతెరిపి లేకుండా కురిసిందంటాడు. మనిషికి నిలకడ లేదంటాడు. కొడుకు ఉద్యోగం పర్మనెంటయిందంటాడు, ఎందుకంటే అక్కడ కావలసిన అర్థం ఆ మాటలోనే ఉంది. ఇన్ని తేడాలు అతడు పాటిస్తున్నాడు. పాటించనిది రాజధానిలో కూర్చుని అతడి కోసం ప్రకటనలు తర్జుమా చేసేవాడు.