వానకు దారి

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. ఆ రోజుల్లో పెరటి మొక్కల మీద మనకు కలిగే జాలి అంతా యింతా కాదు. తీరా మృగశిరలో నాలుగు చినుకులు పడగానే, "ఇక పైవాడే పోస్తాడు" అనుకుని బిందె మూలన బోర్లిస్తాం. నేనూ అలా అనుకున్నవాణ్ణే. అంచేత ఒక చెట్టు పోగొట్టుకున్నాను.

మాది గోదావరి డెల్టాలో నల్లమట్టి నేల. మా అమ్మ కాపరానికి వచ్చిన కొత్తలో నాటిన పారిజాతం పెరట్లో వుండేది. యేటా మృగశిరకు ముందు అమ్మ పలుగు పుచ్చుకుని, చెట్టు మొదటి నుంచి సందులోని కాలవ దాకా జానెడు లోతున బోదె తీసేది.

"వాన పడకముందే ఈ పని యెందుకమ్మా?" అనేవాణ్ణి.

"వానకు దారి చూపించాలిరా" అనేది.

2019 వేసవిలో, పిల్లలు ఇంట్లోకి బురద తొక్కుతున్నారని పెరడంతా సిమెంటు చేయించాను. చెట్టు చుట్టూ మాత్రం కాస్త మట్టి వదిలి, మేస్త్రీ వాలు అటు పెట్టాడు. "నీళ్లన్నీ చెట్టుకే పోతాయండీ" అన్నాడు. ఇద్దరం సంతోషించాం. బోదె సిమెంటు కింద పడిపోయింది.

శ్రావణంలో ముసురు పట్టింది. చెట్టు చుట్టూ నీళ్లు నిలిచాయి. భాద్రపదానికి ఆకులు పసుపు తిరిగి వేలాడాయి. సరిగ్గా ఆ రోజుల్లోనే నేను కాలేజీలో నంది తిమ్మనగారి 'పారిజాతాపహరణం' పాఠం చెబుతున్నాను. కృష్ణుడు స్వర్గం నుంచి చెట్టు తెచ్చి సత్యభామకు ఇచ్చిన కథ చెప్పి, ఇంటికి వచ్చి, వాడిన చెట్టుకు దాహం వేసిందేమోనని మరో బిందెడు నీళ్లు పోశాను! పూలు రాలవలసిన ఆశ్వయుజంలో ఆకులు రాలాయి. కార్తికంలో పెకలిస్తే, వేళ్లు నల్లబడి కుళ్లు వాసన వేశాయి.

అమ్మ నన్ను యేమీ అనలేదు. పూజ దగ్గర పూలసజ్జ మాత్రం చాలా రోజులు ఖాళీగా పెట్టింది.

తరవాత మా బోటనీ లెక్చరరు సంగతి విప్పి చెప్పారు. వేళ్లు కూడా ఊపిరి పీలుస్తాయి. మట్టి సందుల్లో వుండే గాలే వాటికి ఆధారం. నీరు నిలిస్తే ఆ సందులు నిండిపోతాయి. ఊపిరాడని వేరు నీటిని పైకి పంపలేదు. అంటే, నీళ్లలో నిలబడి కూడా చెట్టు దాహంతో వాడిపోతుంది. మనం అది చూసి మరిన్ని పోస్తాం.

అప్పటినుంచి మా ఇంటి పద్ధతి ఇది. వేసవిలో పాదు పళ్లెంలా గుంటగా వుండాలి. మృగశిరకు ముందు ఆ గుంట పూడ్చి, నేల మొదటి నుంచి బయటికి వాలేట్టు చెయ్యాలి. నేల లోపలిదాకా తడిశాక, ఆరుద్ర, పునర్వసు కార్తెల్లో మొక్కలు నాటాలి. పల్లాన్ని కానుగ, మొగలి ఓర్చుకుంటాయి. పారిజాతం, ఉసిరి, కరివేపాకు, తంగేడు మెరకలోనే వుండాలి. ముసురులో వేసిన యెరువు వానకు కొట్టుకుపోతుంది. తెరిపి ఇచ్చాక వెయ్యండి. చిత్త, స్వాతి కార్తెలు మన కోస్తాకు తుపాను రోజులు. ఆ లోపలే మునగ లాంటి పెళుసు చెట్ల బరువు కొమ్మలు తగ్గించండి. వానలు వెనకబట్టాక, రాలిన ఆకులు తగలబెట్టక, మొక్కల చుట్టూ పరవండి. నేలలో తడి తొందరగా ఆరిపోదు.

మరుసటి యేడు గోడ వార పాత చెట్టు విత్తనం ఒకటి మొలిచింది. సిమెంటు పగలగొట్టించి, మెరక చేసి, ఆ మొలకను నాటాను. ఇప్పుడది పూస్తున్నది.

అమ్మకు ఇప్పుడు నడుం వంగదు. పలుగు నా చేతికి వచ్చింది. ఇరవై యేళ్లుగా పరీక్ష పేపర్లు దిద్దుతున్న నేను, మృగశిరకు ముందు ఆ ఒక్క పూటా విద్యార్థిని. ఈ యేడు బోదె తీసి, "చాలా అమ్మా?" అని అడిగాను.

"ఒక బిందెడు నీళ్లు పోసి చూడు" అన్నది పెరటి మెట్టు మీద కూచుని.

పోశాను. నీళ్లు యెక్కడా ఆగకుండా సందు దాకా వెళ్లాయి. అమ్మ లేచి లోపలికి వెళ్లింది.