తెరమీది గోదారి, మన గోదారి

పోయినవారం వుత్తరాల కట్టలో కాకినాడ నుంచి ఓ కాలేజీ కుర్రాడి వుత్తరం వుంది. ఏ హీరో ఎంత తీసుకుంటున్నాడు, ఏ హీరోయిన్ పెళ్ళెప్పుడు లాంటివి అడక్కుండా వచ్చిన వుత్తరం గనక ముందు దాన్నే చదివాను.

"అన్నా! మేం అయిదుగురం ఫ్రెండ్స్. 'గోదావరి' సినిమా ముచ్చటగా మూడోసారి చూశాం. దసరా సెలవుల్లో పాపికొండలకి బోటు ట్రిప్పు వేస్తున్నాం. సుమంత్ లాగా బోటు మీద నుంచుని ఫోటో దిగాలి. ఏ చోట దిగితే బాగుంటుంది? ఏ రంగు చొక్కా అయితే నీళ్ళ మీద బాగా పడుతుంది?"

చొక్కా రంగు చెబుతాను తమ్ముడూ, చివర్లో చెబుతాను. ఈలోగా నువ్వు అడగని సంగతులు కొన్ని చెప్పాలి. విసుక్కోకు.

పడవంటే మన సినిమావాళ్ళకి ఎప్పుడూ మోజే. 1973లో బాపూ రమణలు 'అందాల రాముడు' తీశారు. అక్కినేని వారినీ, లతనీ, వాళ్ళతోపాటు ఓ వూరికి సరిపడా జనాన్నీ రాజమండ్రిలో ఎక్కించి, భద్రాచలం సీతారామ కళ్యాణానికి తీసుకుపోయారు. ముప్ఫయి మూడేళ్ళు గడిచాక, 2006లో, శేఖర్ కమ్ముల అదే కళ్యాణానికి అదే నీటిదారిన ఇంకో లాంచీ నడిపించి 'గోదావరి' తీశారు. తాతగారు పోయిన దారిలోనే మనవడు సుమంత్! ఈ రెండూ చూసి కూడా పాపికొండలు వెళ్ళాలని అనిపించనివాడు ఎవడైనా వుంటే, వాడు సినిమా చూస్తూ నిద్రపోయి వుండాలి.

నేనూ ఆ సినిమా చూసి బయల్దేరినవాణ్ణే. 2007 సంక్రాంతి వెళ్ళాక. అప్పట్లో రాజమండ్రి రేవులోనే బోటెక్కేవాళ్ళం. ఎక్కగానే ఓ కుర్రాడొచ్చి తలో ఆరెంజి రంగు జాకెట్టూ విసిరాడు. తొడుక్కుని చూసుకుంటే, పండక్కి కుట్టించుకున్న తెల్లచొక్కా ఎక్కడా కనబడదు! విప్పేసి, వీపు వెనక దిండులా పెట్టుకుని కూచున్నాను. హీరోని కదా.

పక్క బెంచీ మీద ఓ పెద్దావిడ, మనవడితో వచ్చింది. వాడికి జాకెట్టు తొడిగి, పట్టీలు లాగి బిగించి, నా వంక చూసింది.

"బాబూ, అది ఆనుకోడానికి కాదయ్యా."

"నాకు ఈతొచ్చండీ" అన్నాను కొంచెం దర్జాగా.

"మా మరిదికీ వొచ్చు" అంది ఆవిడ. అంతే. ఇంకేం చెప్పలేదు. తల తిప్పుకుని గోదారి వంక చూస్తూ కూచుంది.

నేను మాట్లాడకుండా జాకెట్టు తొడుక్కున్నాను. ఆ ట్రిప్పు ఫోటోలన్నిట్లోనూ ఆరెంజి రంగు మూటలా వున్నాను. చాలా ఏళ్ళు వాటిని ఎవరికీ చూపించలేదు.

2019 తర్వాత చూపించడం మొదలెట్టాను.

ఆ ఏడు సెప్టెంబరు 15, ఆదివారం. దేవీపట్నం దగ్గర గండిపోచమ్మ రేవు నుంచి ఓ బోటు పాపికొండలకి బయల్దేరింది. హైదరాబాదు వాళ్ళు, వరంగల్లు వాళ్ళు, విశాఖ వాళ్ళు... అందరూ సరదాకి వచ్చినవాళ్ళే. బోటులో 70 మందికి పైనే వున్నారు. కచ్చులూరు దగ్గరకి రాగానే సుళ్ళలో చిక్కి బోల్తా కొట్టింది. పక్క పల్లెల్లోని గిరిజనులు చిన్న పడవలేసుకుని పరుగున వచ్చి 26 మందిని ఒడ్డుకి చేర్చారు. 50 మంది దాకా పోయారు. అడుక్కి పోయిన బోటుని కాకినాడ ధర్మాడి సత్యం గారి బృందం లంగర్లతో, ఇనప తాళ్ళతో పైకి లాగేసరికి అక్టోబరు 22 వచ్చింది. ముప్ఫయ్యేడు రోజులు! ఒడ్డున కూచుని ఎదురుచూసిన వాళ్ళ మొహాలు టీవీలో చూసినవాళ్ళెవరూ మర్చిపోలేరు.

నన్ను బాగా కలవరపెట్టిన లెక్క ఒకటుంది. ఆవేళ గోదావరిలో పోతున్న నీరు సుమారు 5 లక్షల క్యూసెక్కులు. ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక ఇచ్చేదేమో 10 లక్షలకి. అంటే హెచ్చరికలో సగం నీరు కూడా మనిషిని బతకనివ్వలేదు. ఎందుకంటావా? రాజమండ్రి దగ్గర గోదారి రెండున్నర కిలోమీటర్లకి పైన వెడల్పు. వొళ్ళు విరుచుకుని పారుతుంది. ఆ నీరే పాపికొండల దగ్గర రెండు కొండల నడుమ ఇరుకు సందులో దూరాలి. పక్కకి పోడానికి చోటులేక లోతుకి పోతుంది, జోరెక్కుతుంది. మలుపు తిరిగినచోట రాయికి కొట్టుకుని సుడి తిరుగుతుంది. ఒడ్డు నుంచి చూస్తే మాత్రం గాజుపలకలా నున్నగా కనబడుతుంది. అందమూ అక్కడే, గండమూ అక్కడే. కెమెరాకి మొదటిది మాత్రమే దొరుకుతుంది.

అందుకే తమ్ముడూ, దసరాకి వద్దు. దసరా నాటికి మన కాకినాడలో ఎండ కాస్తూ వుండొచ్చు. పైన మహారాష్ట్రలో, ఛత్తీస్‌గఢ్ అడవుల్లో వాన పడితే ప్రాణహిత, ఇంద్రావతి, శబరి ఆ నీళ్ళన్నీ తెచ్చి గోదాట్లో పోస్తాయి. భద్రాచలంలో నీటిమట్టం ఎంతుందో పేపర్లో వేస్తారు. 43 అడుగులకి మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 2022 జులైలో 71 అడుగులు దాటింది. మీరు మాత్రం 43 దాకా ఆగి చూడక్కర్లేదు. నీరు ఎర్రగా వుండి, రోజురోజుకీ మట్టం పెరుగుతోందంటే చాలు, టిక్కెట్టు డబ్బులు పోయినా సరే మానుకోండి. కార్తీకం వెళ్ళాక, చలి మొదలయ్యాక వెళ్ళండి. నీరు తేటపడుతుంది, పొద్దున్నే మంచు కొండల మీంచి దిగుతూ వుంటుంది. ఫోటోలూ అప్పుడే బాగా వస్తాయి, నీ దారిలోనే చెబుతున్నాను చూడు.

ఆదివారం కూడా వద్దు. కచ్చులూరు ఆదివారమే. 2017 నవంబరు 12న ఇబ్రహీంపట్నం పవిత్ర సంగమం దగ్గర కృష్ణలో బోటు తిరగబడి ఇరవై మందికి పైగా పోయారే, అదీ కార్తీక ఆదివారమే. వారానికి దోషం వుందని కాదు నేననేది. జనం తోసుకొచ్చిన రోజున బోటువాడికీ ఆశ పుడుతుంది, ఎక్కేవాడికీ తొందర పుడుతుంది. కాలేజీ వాళ్ళు కదా, మంగళవారమో బుధవారమో ఓ క్లాసు ఎగ్గొడితే కొంప మునగదు. (మీ లెక్చరర్ ఈ పత్రిక చదవరనే నమ్మకంతో రాస్తున్నాను.)

రాజమండ్రిలో ఎక్కి తిన్నగా భద్రాచలంలో దిగే సినిమా దారి ఇప్పుడు లేదు. పోలవరం కట్టడం అడ్డొచ్చింది. రాజమండ్రి నుంచి బస్సులో గండిపోచమ్మ గుడి దాకా తీసుకుపోయి అక్కడ ఎక్కిస్తారు. భద్రాచలం వైపు నుంచి వచ్చేవాళ్ళు పోచవరంలో ఎక్కుతారు. కచ్చులూరు తర్వాత చాన్నాళ్ళు బోట్లు ఆపేశారు. మళ్ళీ వదిలేటప్పుడు రేవుల దగ్గర కంట్రోల్ రూములు పెట్టారు. రోడ్డు మీద నిలబడి "రండి రండి, తక్కువకిస్తాం" అనేవాడి దగ్గర టిక్కెట్టు కొనకండి. కంట్రోల్ రూముకి వెళ్ళి, ఈ బోటుకి అనుమతి వుందా, ఎంతమందికి వుంది అని అడగండి. అడగడానికి మొహమాటమెందుకు? బ్లాకులో టిక్కెట్టు కొనేటప్పుడు సీటు నంబరు వందసార్లు చూసుకోమూ!

ప్రయాణీకుల జాబితాలో మీ అయిదుగురి పేర్లూ సరిగ్గా రాయించండి. ఆధార్ కార్డు దగ్గరుంచుకోండి. ఇదేదో గుమాస్తా పని అనుకోకు. 2019లో బోటులో అసలు ఎంతమంది ఎక్కారన్న లెక్క కొన్ని రోజుల దాకా తేలలేదు. ఇవాళ అరవై అన్నారు, రేపు డెబ్భై అన్నారు. లెక్క తేలకపోతే వెతికేవాళ్ళు ఎక్కడ ఆపాలి? ఇంట్లో కూడా ఏ రేవు, ఏ బోటు, ఎన్నింటికి తిరిగొస్తారు అన్నది చెప్పి వెళ్ళండి. కొండల్లోకి పోయాక సెల్‌ఫోను సిగ్నల్ వుండదు. ఇంట్లో చెప్పకుండా వెళ్ళే ట్రిప్పుల మజా నాకూ తెలుసు. నీళ్ళ మీదకి మాత్రం అది పనికిరాదు.

బోటెక్కాక మొదటి పది నిమిషాలూ ఫోను జేబులో పెట్టండి. జాకెట్టు తొడుక్కుని పట్టీలన్నీ బిగించండి. తర్వాత ఒకరి జాకెట్టు భుజాలు ఇంకొకరు పట్టుకుని పైకి లాగి చూడండి. గడ్డం దాటి పైకి జారిందంటే అది వదులు, నీళ్ళలో తల మీంచి వూడిపోతుంది. పట్టీ తెగిన జాకెట్టిస్తే మార్చమనండి. ఏసీ వుంది గదాని అద్దాలు బిగించిన కింది గదిలో చేరకండి. చేరాల్సి వస్తే తలుపు ఎటుందో, అది ఎటు తెరుచుకుంటుందో చూసుకుని దాని దగ్గరే కూచోండి. భోజనాల వేళ వేడిగా వుందని జాకెట్లు విప్పేస్తారు చూడు, ఆ పని చెయ్యకండి. పులిహోర తినడానికి జాకెట్టు అడ్డం రాదు, నేను తిని చూశాను.

ఇక డాన్సుల సంగతి. ఆ బోట్ల మీద సినిమా పాటలు పెట్టి డాన్సులు వేయిస్తారు, డూప్లికేట్ హీరోలు కూడా వస్తారు. సినిమా పత్రికలో రాసేవాణ్ణి, డాన్సు వద్దని ఎలా అంటాను? అయితే బరువు పైనెక్కేకొద్దీ పడవ తూగుతుంది. పైఅంతస్తులో వున్న నలభైమందీ "అదుగో పాపికొండలు!" అని ఒక్కసారిగా ఒక పక్కకి ఉరికితే సరంగు ఎంత మొనగాడైనా చెయ్యగలిగింది కొంచెమే. అందరూ అటు పరిగెడితే మీరు అయిదుగురూ ఇటే వుండండి, కొండలు రెండువైపులా వున్నాయి. ఇరుకు వచ్చేటప్పుడు మైకు ఆపమని సరంగుకి మర్యాదగా చెప్పండి. పాట హోరులో ఆయన కేక ఎవరికి వినబడుతుంది?

షూటింగులో అయితే పక్కనే ఇంకో పడవలో ఈతగాళ్ళు వుంటారు. షాటు బాగా రాకపోతే "కట్" అని మళ్ళీ తీస్తారు. ఆ ధీమాతోనే మనం రైలింగు ఎక్కి చేతులు చాస్తాం. ఈ చేతులు చాచే జబ్బు 1997 నాటి 'టైటానిక్' అంటించింది! ఆ సినిమాలో చాచిన చేతులు చూసినవాళ్ళు, పడవల లెక్క చూడలేదు. అసలు ఓడలో 2,200 మందికి పైగా వుంటే, ప్రాణరక్షణ పడవల్లో పట్టేది 1,178 మంది. ఆ పాఠంతో రూళ్ళు వచ్చాయి. అయినా 2012 జనవరి 13 రాత్రి ఇటలీలో జిగ్లియో దీవి దగ్గర కోస్టా కాంకార్డియా అనే విహార ఓడ రాయికి కొట్టుకుని ఒరిగిపోతే 32 మంది పోయారు. ఆరోజే ఎక్కినవాళ్ళకి ప్రమాదమొస్తే ఎటు పోవాలో చూపించే డ్రిల్లు ఇంకా జరగనే లేదు. ఇరవై నాలుగ్గంటల్లోగా చేస్తే చాలన్నది అప్పటి రూలు. 2015 నుంచి ఓడ కదిలేముందో, కదిలిన వెంటనేనో ఆ డ్రిల్లు చేసి తీరాలి. 2022లో మన విశాఖ నుంచి కూడా విహార ఓడ బయల్దేరింది గనక, రేపు నువ్వు వుద్యోగం చేసి అదీ ఎక్కుతావు. సైరన్ మోగినప్పుడు బఫే దగ్గర ప్లేటు పట్టుకుని నిలబడకు. వాంతుల మాత్ర ఓడ వూగాక కాదు, వూగకముందు వేసుకో. మిగతాదంతా వాళ్ళే చూసుకుంటారు.

ఇక చొక్కా. ఎలాగూ పైన ఆరెంజి జాకెట్టు వుంటుంది, కనబడేది కాలరూ చేతులే. నీలం వెయ్యి, ఆరెంజికి నప్పుతుంది. ఫోటోకి చోటంటావా? బోటు మీద కాదు. పేరంటపల్లిలో ఆపుతారు, గుడికి పైకెక్కుతారు. అక్కడ నేలమీద నిలబడితే వెనక కొండలు, కింద గోదారి, మధ్యలో మీ బోటు. అక్కడ జాకెట్లు విప్పి, చొక్కా నలగకుండా సర్దుకుని, ఎన్ని ఫోజులైనా పెట్టుకోండి. దిగొచ్చి ఎక్కేటప్పుడు మళ్ళీ తొడుక్కోండి.

డిసెంబరులో మీ అయిదుగురి ఫోటో ఒకటి నాకు పంపు. వెళ్ళేటప్పటిది ఒకటి, తిరిగొచ్చి రేవులో దిగాక ఒకటి.