తాళ్లు దేనికి? ఏలూరు జిల్లా ఎస్పీ గారికి బహిరంగ లేఖ



2020 మేలో విశాఖ నడిరోడ్డు మీద పోలీసులు డాక్టర్ సుధాకర్ అనే ప్రభుత్వ వైద్యుడి చేతులు వెనక్కి విరిచి కట్టారు. హైకోర్టు సీబీఐ విచారణకు ఆదేశించింది. ఆయనకు మానసిక జబ్బు ఉందా లేదా అన్నది అటుంచండి, ఉందనుకున్నా తాళ్లు దేనికి? 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 100వ సెక్షన్ ప్రకారం పోలీసులు రక్షణలోకి తీసుకున్న రోగిని 24 గంటల్లోగా దగ్గరలోని ప్రభుత్వ ఆసుపత్రికి చేర్చాలి, లాకప్‌లో పెట్టనే కూడదు.

కత్తి పట్టుకున్న రోగిని బతిమాలాలా అని కానిస్టేబుల్ అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. కత్తి లాక్కోవాల్సిందే, లాక్కున్నాక కొట్టడానికి కారణం మిగలదు. సిబ్బంది చాలరన్నదీ కొట్టిపారేయలేం. కానీ కొల్లేటి లంకల నుంచి ఏలూరు పెద్దాసుపత్రికి అర్ధరాత్రి రోగిని ఎవరు, ఏ బండిలో తీసుకెళ్లాలో ముందే రాసిపెట్టడానికి కొత్త పోస్టులెందుకు?   ఈలోగా ప్రతి స్టేషన్ గోడ మీద మానసిక ఆరోగ్య సహాయానికి పనిచేసే టెలిమానస్ నంబరు 14416 రాయించండి.